కోల్‌కతా సభలు, హైదరాబాద్ సదస్సులు

భారత సైన్స్ కాంగ్రెస్ తొలి సమావేశం 1914 జనవరిలో కలకత్తాలో, ఏషియాటిక్ సొసైటీ ఆవరణలో జరిగింది. అశుతోష్ ముఖర్జీ అధ్యక్షత వహించారు. వచ్చిన శాస్త్రవేత్తలు 105 మంది. పండితులు ఊరు దాటి వచ్చి కూర్చుని వాదించుకునే అలవాటు ఆ నగరానికి అంత పాతది. హైదరాబాద్ సదస్సుల రంగంలో నిలదొక్కుకున్నది 2006లో. ఆ ఏడాది మేలో ఆసియా అభివృద్ధి బ్యాంకు వార్షిక సమావేశం హైదరాబాద్ అంతర్జాతీయ కన్వెన్షన్ సెంటర్ (హెచ్‌ఐసీసీ)లో జరిగింది. 2012లో జీవవైవిధ్య సదస్సు, 2017లో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు కూడా అక్కడే. హాలూ నొవోటెల్ హోటలూ పక్కపక్కనే ఉండటం దాని బలం.

కోల్‌కతాకు కట్టడాల కొరతా లేదు. సైన్స్ సిటీలో 2,232 సీట్ల ఆడిటోరియం ఉంది. న్యూటౌన్‌లోని బిశ్వ బంగ్లా కన్వెన్షన్ సెంటర్, హెచ్‌ఐసీసీతో పోలిస్తే, విమానాశ్రయానికి చాలా దగ్గర. 2023 జనవరిలో జీ20 సమావేశమొకటి అక్కడే జరిగింది. దెబ్బ తగిలింది విమానాల దగ్గర. లండన్‌కు నేరుగా వెళ్లే బ్రిటిష్ ఎయిర్‌వేస్ 2009లో, ఫ్రాంక్‌ఫర్ట్‌కు వెళ్లే లుఫ్తాన్సా 2012లో కోల్‌కతాను వదిలేశాయి. హైదరాబాద్ విమానాశ్రయం శంషాబాద్‌కు మాత్రం ఆ రెండు సంస్థలూ వస్తున్నాయి. సభ ఎక్కడ పెట్టాలో తేల్చే నిర్వాహకులు ముందు చూసేది ఇదే.

ఇంతకన్నా నన్ను బాధించేది మరొకటి. 2015లో మొదలైన బెంగాల్ గ్లోబల్ బిజినెస్ సమ్మిట్ విజయాన్ని పెట్టుబడుల హామీలతో కొలుస్తున్నారు. సభల వల్ల వచ్చే పర్యాటకానికి ఆ కొలత పనికిరాదు. రెండు రోజుల మంత్రుల సభ కన్నా అయిదు రోజుల వైద్యుల మహాసభ హోటళ్లకూ, టాక్సీలకూ, వంటవాళ్లకూ, గరియాహాట్ చీరల కొట్లకూ ఎక్కువ డబ్బు తెస్తుంది. సభ అయ్యాక చూడటానికి విగ్రహాలు చేసే కుమార్‌తులి, పుస్తకాల కాలేజ్ స్ట్రీట్ ఉన్నాయి. హెచ్‌ఐసీసీకి వచ్చి మాదాపూర్‌లో దిగినవాళ్లు చాలామంది చార్మినార్ దాకా వెళ్లకుండానే విమానం ఎక్కేస్తారు. ఈ విషయంలో హైదరాబాదే వెనకబడి ఉంది.

అలాంటి మహాసభను ఊరికి రప్పించేది మంత్రి కాదు, ఆ శాస్త్రంలో పేరున్న ప్రొఫెసర్. 1876 నాటి ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్, 1931 నాటి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్న ఊళ్లో అలాంటివారికి లోటు లేదు. ఏళ్ల ముందే ఆహ్వాన ప్రతిపాదన రాయాలి, హోటళ్లతో ధరలు మాట్లాడాలి, నిర్వాహకులను తీసుకొచ్చి హాలు చూపించాలి. పాఠాలు చెప్పుకునే మనిషి ఇదంతా ఒంటరిగా చేయలేడు. సమ్మిట్‌కు పెట్టే ఖర్చులో కొంత తీసి, ఈ పనికే ఒక కార్యాలయం, ఒక నిధి ఏర్పాటు చేయాలి.