‘24 గంటల నొప్పి’ – ఒక పేరుపై విమర్శ

వ్యాధి పేరు ఒక్కొక్కప్పుడు వైద్యునికంటె ముందుగా రోగి ఇంటికి చేరును. అపెండిసైటిస్‌ను తెలుగునాట ‘24 గంటల నొప్పి’ అందురు. ఈ పేరు ఎంతవరకు సరియైనది?

దీనికి గుణము లేకపోలేదు. ఆలస్యము కూడదని హెచ్చరించును. పెద్దపేగు మొదట తోకవలె వ్రేలాడు ఉండుకము వాచినపుడు, నొప్పి సాధారణముగా బొడ్డుచుట్టు మొదలై కుడివైపు పొత్తికడుపునకు దిగును. 1889లో అమెరికా శస్త్రవైద్యుడు మెక్‌బర్నీ వర్ణించిన స్థానమదియే. నోరున్న రోగి దానిని వ్రేలితో చూపగలడు.

పుట్టి 28 దినములైనను నిండని శిశువు ఏమి చూపగలదు? ఇది ఈ పేరులోని మొదటి లోపము. పసికందులో కనిపించు గుర్తులు వేరు: పాలు త్రాగకపోవుట, కడుపుబ్బుట, ఆకుపచ్చని వాంతి, మందకొడితనము, ఒడలు కాలుట లేదా చల్లబడుట. రెండవ లోపము గడువు. శిశువు ఉండుకపు గోడ పలుచన. పెద్దలలో పేగులను కప్పి చీమును అడ్డగించు కొవ్వుపొర శిశువులో ఇంకను ఎదిగియుండదు. అందుచే త్వరగా చిల్లుపడి చీము కడుపంతయు వ్యాపించును.

శిశువు ఉండుకము గరాటువలె మొదట వెడల్పుగా నుండి సులభముగా మూసుకొనదు. కనుక ఈ వ్యాధి వారిలో మిక్కిలి అరుదు. అరుదు కనుకనే వైద్యునకును వెంటనే తట్టదు. ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ పరీక్షలు తోడ్పడినను పెక్కుసార్లు శస్త్రచికిత్సలోనే బయటపడును. ఇంత అరుదైనదానిని బడిలో చెప్పుట ఎందుకని అడుగవచ్చును. పేగు మెలిపడినను, పుట్టుకతో పేగు మూసుకొనియున్నను దాదాపు ఈ గుర్తులే కనిపించును. అవియు ఆలస్యమును సహింపవు.

చికిత్సలో పాలు ఆపి, కడుపులోనికి గొట్టము వేసి, సెలైన్, యాంటిబయాటిక్ మందులు ఎక్కించి, బిడ్డను వెచ్చగా నుంచి, ఉండుకమును తొలగింతురు. మహబూబ్‌నగర్‌లో 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. 1953లో వెలసిన నీలోఫర్ ఆసుపత్రి హైదరాబాదులో, ఈ పట్టణములకు సుమారు 100 కిలోమీటర్ల దూరమున నున్నది. కడుపుబ్బిన బిడ్డకు వాతలు పెట్టించి, తగ్గునేమో అని ఒక రాత్రి చూచినచో, ఈ దూరము మరింత పెరుగును.

పదవ తరగతి విద్యార్థి ఇంటనే, కాన్పునకు పుట్టింటికి వచ్చిన అక్క బిడ్డ ఉండవచ్చును. జీర్ణమండలపు పాఠమున ఉపాధ్యాయుడు ఒక్క వాక్యము చేర్చిన మేలు: పసికందుకు కడుపుబ్బి ఆకుపచ్చని వాంతి అయినచో 24 గంటలు కాదు, ఒక్క గంటయు వేచియుండరాదు.