ఫిరన్ మాటున కుంపటి

డిసెంబరు 21న కశ్మీర్ లోయలో చిల్లై కలాన్ మొదలవుతుంది. 40 రోజులు ఎముకలు కొరికే చలి. దాని వెనకే 20 రోజుల చిల్లై ఖుర్ద్, ఆ తర్వాత 10 రోజుల చిల్లై బచ్చా. ఆ రోజుల్లో శ్రీనగర్ వీధుల్లో ఎదురయ్యే చాలామంది చేతులే కనిపించవు. వాళ్ళు తొడుక్కున్న ఫిరన్ అనే వదులైన ఉన్ని అంగీ చేతులు ఖాళీగా వేలాడుతుంటాయి. లోపల పొట్ట దగ్గర రెండు చేతులూ ఒక చిన్న నిప్పుల కుండను పొదివి పట్టుకుని ఉంటాయి. అదే కాంగ్రీ.

చలిలో బయట తిరిగేవాళ్ళు చేతులు కాచుకోవడానికి ఇప్పుడు చాలా వస్తువులు దొరుకుతున్నాయి. ఇనుప పొడి నింపిన పొట్లాలు గాలి తగలగానే వేడెక్కుతాయి, చల్లారాక పారేయడమే. చార్జింగ్ పెట్టుకునేవీ ఉన్నాయి. వాటి ఉపయోగం వాటిది. పనితనం మాట వస్తే మాత్రం కాంగ్రీని చూసిన కంటికి అవేవీ ఆనవు.

కుంపటి మనకూ తెలుసు. కానీ కుంపటి దగ్గరికి మనమే వెళ్ళి కూర్చోవాలి. కాంగ్రీ మనిషి వెంట నడుస్తుంది. నిప్పును ఎండుపుల్లల బుట్టలో పెట్టి, ఆ బుట్టను ఉన్నిబట్ట లోపల దాచి, మంచులో మైళ్ళు నడవాలంటే ఎంత లెక్క ఉండాలి!

లోపలి మట్టిగిన్నె పేరు కొండుల్. చేసేవాడు క్రాల్, అంటే కుమ్మరి. ఆరంగుళాల వెడల్పు ఉంటుంది, రెండు అరచేతుల మధ్య ఒదిగేంత. పిల్లలకు ఇంకా చిన్నవి చేస్తారు. ఆవంలో కాలిన గిన్నె అక్కడి నుంచి బుట్టలు అల్లేవాళ్ళ ఇంటికి చేరుతుంది. క్రికెట్ బ్యాట్ల పుణ్యమా అని విల్లో పేరు మనకూ తెలుసు. ఇక్కడ బుట్టకు వాడేది ఆ జాతి చెట్ల సన్నని రెమ్మలు. వాటిని కోసి, పెద్ద పాత్రల్లో ఉడికించి, బెరడు వలిచి ఆరబెడతారు. అల్లే ముందు నానబెడితే మళ్ళీ మెత్తబడి, చెప్పినట్టు వంగుతాయి. కొన్నిటికి రంగులు అద్దుతారు.

నన్ను కట్టిపడేసేది ఆ తర్వాతి పని. బుట్టను విడిగా అల్లి గిన్నెను అందులో దించరు. గిన్నె చుట్టూనే అల్లుతారు. చేత్తో చేసిన ఏ రెండు గిన్నెలూ ఒక్కలా ఉండవు కాబట్టి, ప్రతిసారీ ఆ గిన్నె ఒంపును వేళ్ళతో చదువుకుంటూ రెమ్మను తిప్పాలి. వదులైతే లోపల గిన్నె కదిలి, నడకలో నిప్పులు ఒలుకుతాయి. మరీ బిగిస్తే మట్టి పగలొచ్చు. పైకి లేచే రెండు పిడులు, వెనకవైపు ఊతానికి గట్టి పుల్లలు. బరువంతా మోసేది అవే. మన మేదర్లు వెదురుబద్దతో తట్ట అల్లుతుంటే చూసినవాళ్ళకు ఆ వేళ్ళ ఓపిక ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు.

ఇక నిప్పు. కింద బొగ్గుపొడి, దాని మీద నాలుగు కణికలు, పైన బూడిద. శరత్కాలంలో రాలిన చినార్ చెట్ల ఆకులను కుప్పపోసి కాల్చి, నీళ్ళు చిలకరించి ఆ బొగ్గును ఇంటింటా తయారుచేసుకుంటారు. నివురుగప్పిన నిప్పు అని మనం మాటవరసకు అనేది ఇక్కడ అక్షరాలా వేడిని అదుపు చేసే ఉపాయం. బూడిద గాలిని అడ్డుకుంటుంది. నిప్పు ఆరదు, ఎగసిపడదు, గంటల తరబడి నింపాదిగా రగులుతుంది. వేడి చాలకపోతే పిడికి తాడుతో కట్టిన చిన్న లోహపు గరిటెతో ఒకసారి కదిపితే సరి. ఆ గరిటె పేరు ౘాలన్. మన చాపలోని చకారమే పలకాలి.

కాంగ్రీ చేసే కీడునూ దాచకూడదు. ఏళ్ళ తరబడి పొట్టకూ తొడలకూ ఆనించుకుంటే చర్మం కమిలి మచ్చలు పడుతుంది. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుందని విలియం ఎల్మ్‌స్లీ అనే వైద్యుడు 1866లోనే రాశాడు. తలుపులు మూసిన గదిలో బొగ్గు విషవాయువు ప్రాణం తీస్తుంది. కాంగ్రీని ఒంటికి అదమకుండా, పక్కలోకి తీసుకోకుండా వాడాలి.

అయినా ఆ లోయ దాన్ని వస్తువులా చూడలేదు. అద్దాలు తాపి, రంగులు దిద్దిన కాంగ్రీని పుట్టింటివారు కొత్త పెళ్ళికూతురికి ఇస్తారు. పెళ్ళిళ్ళలో దాని నిప్పుల మీద ఇస్‌బంద్ గింజలు చల్లి పొగ వేస్తారు. మనం పెద్దల పేర బట్టలు పెట్టే సంక్రాంతి నాడే కశ్మీరీ పండితులు పోయినవారి పేర నిప్పులు నింపిన కాంగ్రీని దానమిస్తారు. ఆ లోకంలోనూ తమవారికి చలి వేయకూడదని!

చరార్-ఎ-షరీఫ్ కాంగ్రీకి లోయంతటా పేరుంది. బందిపోరా కాంగ్రీకీ అభిమానులున్నారు. మీరు అటు వెళ్ళి ఒకటి కొనదలిస్తే, తళుకులద్దిన దాన్ని పక్కనపెట్టి, రోజూ వాడుకునే సాదా కాంగ్రీని అడగండి. కుండను కొట్టి చూసినట్టే వేలితో గిన్నెను తట్టండి, ఖంగుమనాలి. పిడులు పట్టి ఊపితే గిన్నె కదలకూడదు. నేల మీద పెడితే ఒరగకూడదు. అల్లిక మీద అరచేయి రాస్తే పుల్ల గుచ్చుకోకూడదు. ఈ నాలుగూ సరిపోతే, చెప్పిన ధర ఇచ్చేయండి, బేరమాడకండి.