పెట్టె మీది సాహిత్యం

నవలల అట్ట వెనక రాసే నాలుగు వాక్యాలని నమ్మి పుస్తకం కొనేవాళ్లుంటారా? ఉండే ఉంటారు. లేకపోతే ప్రచురణకర్తలు అవి రాయించడం ఎప్పుడో మానేసేవారు. "ఆఖరి పేజీ దాకా ఊపిరి బిగపట్టించే రచన" అని కనిపిస్తే అందులో ఎన్నో వంతు నమ్మాలో మనకి తెలుసు. చదివీ చదివీ రాటుదేలిన వాళ్లం. కాని ఈమధ్య మన ఇళ్లలోకి మరో రకం అట్ట సాహిత్యం జొరబడుతోంది. కంప్యూటర్ మానిటర్ పెట్టె మీద అచ్చువేసే సాహిత్యం. దాన్ని ఎలా చదవాలో మనకెవరూ చెప్పలేదు. డబ్బు కట్టేది మాత్రం మనమే.

మా హుజూర్‌నగర్‌లో ఇప్పుడు చాలా ఇళ్ల సంగతి ఒకటే. తండ్రిది సిమెంటు ఫ్యాక్టరీలో ఉద్యోగమైనా, సాగర్ ఎడమ కాలవ కింద వ్యవసాయమైనా, పిల్లవాడిది ఇంజనీరింగు, వాడి ఒళ్లో ఒక ల్యాప్‌టాప్. మా వాడిది 14 అంగుళాల గేమింగ్ ల్యాప్‌టాప్. చూడబోతే బడిపలక లాగే ఉంటుంది. పగలు ప్రోగ్రాములు, రాత్రి ఆటలు. రెండు పూటలా మెడ వంచుకుని ఆ చిన్న తెరలోకి తొంగి చూడ్డమే. ఇరవై ఏళ్లకే మెడ పట్టేసిందంటాడు. "పెద్ద తెర కొందామమ్మా" అనగానే సరేనన్నాను. నేను సరేనన్నది మెడ కోసం, వాడు అడిగింది ఆట కోసం. అక్కడే ఉంది చిక్కు.

హైదరాబాదులో ఒక దుకాణానికి వెళ్లాం. అమ్మే కుర్రాడు నా వంక ఒక్కసారే చూశాడు, "కూర్చోండి మేడమ్" అనడానికి. తరవాత అరగంటసేపూ మాట్లాడిందంతా మా వాడితోనే. "గిది తీస్కో తమ్మీ, ఫోర్ కే, మస్తుంటది." నేనేం చెయ్యను? వరసగా పేర్చిన పెట్టెలు చదువుతూ కూర్చున్నాను. చదివాక, నవలని సమీక్షించినట్టే వాటినీ సమీక్షించాలనిపించింది.

అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది ఈ 4కె. అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలు. వెరసి 82 లక్షల 94 వేలు. మామూలు ఫుల్ హెచ్.డి. తెరలో ఉండేవి 20 లక్షల 73 వేలే. నాలుగింతలన్నది అబద్ధం కాదు. కాని ఆటలో ఆ ప్రతి చుక్కకీ రంగు లెక్కకట్టి పంపవలసింది తెర కాదు, వెనకున్న ల్యాప్‌టాప్. ఆ పనీ సెకనుకి 60 సార్లు! పదిమందికి వండే పొయ్యి మీద నలభైమందికి విందు చెయ్యమంటే ఏమవుతుంది? పొయ్యి వేడెక్కుతుంది, ఫ్యాను రొద పెడుతుంది, బొమ్మ నత్తనడక నడుస్తుంది. గంతకి తగ్గ బొంత చూసుకోమని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. పెట్టె మీద తెర గుణగణాలే తప్ప, ఎలాంటి యంత్రంతో దానికి జోడీ కుదురుతుందో ఒక్క ముక్క ఉండదు.

రెండో ఘనత హెర్ట్జ్. తెర మీద సెకనుకి ఎన్నిసార్లు బొమ్మ మారుతుందన్న లెక్క. మనం ఇన్నాళ్లూ చూసిన సినిమాలు సెకనుకి 24 బొమ్మలే. అక్కినేనిని చూసి ఏడ్చినప్పుడు ఎవరికైనా తక్కువనిపించిందా? అయితే మా వాడి వాదనకీ న్యాయం చెయ్యాలి. సినిమాలో మనం చూస్తాం; ఆటలో వాడు చెయ్యి కదుపుతాడు. 60 హెర్ట్జ్ తెర మీద ఒక బొమ్మకీ మరో బొమ్మకీ మధ్య దాదాపు 17 మిల్లీసెకన్లు; 144 అయితే 7. రెండు తెరలూ పక్కపక్కన పెట్టి పరిగెత్తించి చూపించాడు. తేడా నాకే కనిపించింది. ఈ వాక్యం నిజమే. కాని సెకనుకి 60 బొమ్మలే తయారుచెయ్యగల యంత్రానికి 240 హెర్ట్జ్ తెర తగిలిస్తే, అది ఒకే బొమ్మని నాలుగుసార్లు చూపిస్తుంది. మనం నాలుగుసార్లూ డబ్బు కట్టినట్టు.

ఇక "1 మిల్లీసెకను". ఒక బూడిద రంగు నించి మరో బూడిద రంగుకి మారే సమయమట. ఏ బూడిద నించి ఏ బూడిదకో చెప్పరు. ఆ వేగం కోసం సెట్టింగు బాగా బిగిస్తే, కదిలే బొమ్మల వెనక దయ్యాల్లా నీడలు కనిపించవచ్చు. "హెచ్.డి.ఆర్. 400" ముద్ర చూసి దీపావళి వెలుగులు ఊహించుకోకండి. నల్లగా ఉండవలసిన చోట వెలుగు తగ్గించే ఏర్పాటు ఆ ముద్రకి తప్పనిసరి కాదు.

ఆఖరిది సైజు. పెద్దదైతే గొప్పదన్న నమ్మకం కొత్తదేం కాదు. 1958లో అమెరికాలో బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ చేసిన టెన్నిస్ ఆట 5 అంగుళాల తెర మీద ఆడారు. 1959కల్లా దానికి పెద్ద తెర పెట్టారు. ఆట కన్నా మోజు ఒక్క ఏడాదే చిన్నదన్నమాట! మనకి ఆ మోజు టీవీతో వచ్చింది. 1977లో హైదరాబాదు దూరదర్శన్ మొదలయ్యాక, టీవీ ఉన్న ఇంట్లో వీధంతా కూర్చుని చూసేవారు. పదిమంది దూరం నించి చూసే తెర పెద్దదవాలి. కాని మానిటర్ ముందు కూర్చునేది ఒక్కడు, అదీ చెయ్యి చాచినంత దూరంలో. 24 అంగుళాల తెరే 14 అంగుళాలదానికి వైశాల్యంలో దాదాపు మూడింతలు. ఫుల్ హెచ్.డి.లో అంగుళానికి దానిమీద 92 చుక్కలు పడితే, 27 అంగుళాలదాని మీద 82 పడతాయి. అక్షరాల అంచులు గరుగ్గా కనిపిస్తాయి. 27 కావాలంటే 2560 చుక్కల అడ్డం ఉన్నది తీసుకోవాలి. అప్పుడు ల్యాప్‌టాప్‌కి భారం 36 లక్షల 86 వేల చుక్కలు. మొయ్యగలదా అన్నది ముందు తేల్చుకోవాలి.

మంచి సమీక్షకుడు రాసినదాంతోపాటు రాయనిదీ చూడాలంటారు. పెట్టె రాయని సంగతులివి. టైప్-సి కన్నాలన్నీ ఒకేలా కనిపించినా అన్నిట్లోంచీ బొమ్మ రాదు. ల్యాప్‌టాప్ కాగితాల్లో చూసుకోవాలి. తెర చూస్తూంటే మనిషి రెప్పలార్పడం బాగా తగ్గిపోతుంది, కళ్లు పొడిబారతాయి. కిటికీ తెర వెనకా ఉండకూడదు, ఎదురుగానూ ఉండకూడదు, పక్కన ఉండాలి. తెర పై అంచు కళ్లకి సమానంగానో, కాస్త కిందగానో ఉండాలి. అలా ఎత్తుకునే స్టాండు ఉన్న తెరలు తక్కువ, ఆ మాట పెద్ద అక్షరాల్లో వేసే పెట్టెలు ఇంకా తక్కువ. ఎందుకంటే మెడ అమ్ముడుపోయే సరుకు కాదు.

మా వాడు 27 అన్నాడు, నేను మెడ అన్నాను. ఒక గంట వాదించుకుని 24 అంగుళాలు, ఫుల్ హెచ్.డి., ఐ.పి.ఎస్. తెర, 144 హెర్ట్జ్, ఎత్తు మార్చుకునే స్టాండు దగ్గర రాజీపడ్డాం. ఆటకి కావలసిన వేగం వాడి వాటా, స్టాండు నా వాటా. 27 కానందుకు వాడికి ఇంకా కొంచెం కినుకే. ఉండనివ్వండి.

మీరూ ఎప్పుడో ఇలాంటి దుకాణంలో "కూర్చోండి మేడమ్" అనిపించుకుంటారు. కూర్చోకండి. చుక్కల లెక్కా, హెర్ట్జుల లెక్కా పిల్లలు చూసుకుంటారు. మీరు మాత్రం ఆ తెరని రెండు చేతులా పట్టుకుని పైకి ఎత్తి చూడండి. అది కదలకపోతే, తరవాత వంగేది మీ పిల్లవాడి మెడే.