అమ్ముకోల సాక్ష్యము: సాక్స్‌టన్ పోప్ విలువేట గ్రంథ విమర్శ

మన ప్రబంధకవులకు వేట మిక్కిలి ఇష్టమైన వస్తువు. పెద్దన మనుచరిత్రమున స్వరోచి వేటను, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని వేటను చదివినవారికి కుక్కల ఉరవడియు, మృగముల పాటును కన్నులకు గట్టును. అయితే అమ్ము మాత్రము ఇట్టి వర్ణనలలో సాధారణముగా సిద్ధవస్తువుగనే వచ్చును. అది ఏ చెట్టుకొమ్మ, వంకర ఎవరు తీసిరి, ఈక ఎట్లు కట్టిరి అను ప్రశ్నలకు కావ్యము తావీయదు. ఇందుకై కవిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. కావ్యమునకు కావలసినది విడిచిన బాణమే గాని చెక్కుచున్న కోల కాదు. చెక్కినవాని జాడ కావ్యమున లేకున్నను భాషలో నిలిచినది. కోల, అలుగు, ములికి, గరి, పింజ, అల్లె, కొప్పు, దొన అను మాటలు నిఘంటువులలో నేటికిని ఉన్నవి. చేతబట్టి చూడని వస్తువున కెవ్వరును ఇన్ని భాగములు గుర్తించి ఇన్ని పేరులు పెట్టరు.

ఈ మాటలను దగ్గఱ నుంచుకొని మేమొక అమెరికా గ్రంథమును చదివితిమి. సాక్స్‌టన్ పోప్ రచించిన ఆ గ్రంథము పేరునకు 'విల్లమ్ములతో వేట' యని యర్థము. మొదట 1923లో సాన్‌ఫ్రాన్సిస్కోలో వెలువడి, 1925లో తిరిగి ముద్రితమైనది. గ్రంథకర్త కవి కాడు, శస్త్రవైద్యుడు. విలువేటను అభిమానించు అమెరికనులు దీనిని మూలగ్రంథముగ భావింతురు. 1961లో ఏర్పడిన వారి సంఘమొకటి పోప్ పేరును, ఆతని వేటతోడు ఆర్థర్ యంగ్ పేరును కలిపి పెట్టుకొన్నది. వారు దీనిని మెచ్చుకొనునది గ్రిజ్లీ ఎలుగుబంట్ల వేట కొఱకు. మా యభిప్రాయము వేఱు. ఇందలి సాహిత్యమంతయు అమ్ము చేయు అధ్యాయములలో ఉన్నది. వేట అధ్యాయములు వచ్చుసరికి అది చాలవఱకు అడుగంటినది.

గ్రంథము పుట్టిన తీరు చెప్పక ఈ మాట సమర్థింపరాదు. ఉత్తర కాలిఫోర్నియా కొండలలో యాహీ అను చిన్న తెగ యుండెడిది. 1860 ప్రాంతము నుండి అచ్చటి వలసదారులు ఆ తెగను వేటాడి చంపిరి. మిగిలిన కొలదిమంది డీర్ క్రీక్ అను వాగు లోయలో దాగి బ్రదికిరి. 1908 నవంబరులో భూమి కొలుచువారు ఆ గుడిసెలపై బడి, అందలి వస్తువులన్నిటిని జ్ఞాపకచిహ్నములుగ మోసికొని పోయిరి. చలికాలపు వాకిట వేటకాని పనిముట్లు తీసికొనిపోవుట యనగా నేమో వారికి తట్టలేదు కాబోలు! 1911 ఆగస్టు 29వ తేదీన ఓరోవిల్ ఊరి పశువధశాల కడ ఒంటరిగ, ఆకలితో ఒక పురుషుడు పట్టువడెను. తన పేరు తాను చెప్పలేదు. క్రోబర్ పండితుడు ఆతనిని ఇషీ యని పిలిచెను. ఆతని భాషలో దానికి మనుష్యుడని యర్థము. సాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ ప్రదర్శనశాల ఆతని నివాసమయ్యెను. ప్రక్కనే వైద్యశాల, అందు పోప్ వైద్యుడు. ఇషీ విల్లు చేయుచుండగా చూచి పోప్ శిష్యుడాయెను. 1916 మార్చి 25న క్షయవ్యాధిచే ఇషీ మరణించెను. నాలుగేండ్ల చెలిమి ఇది.

ఇక శిల్పాధ్యాయములను జూతము. ఇషీ విల్లును మన్నీ యనెడివాడు. అది కొండ జూనిపర్ కఱ్ఱది, నలువదిరెండంగుళముల పొడవు. ఆ పొడవు నాతడు బద్దతో కొలువలేదు: ప్రక్కకు చాచిన చేతినుండి ఎదుటి తుంటివఱకు ఎంతయో అంత. వెన్నునకు లేడి నరములను అతికించెను. పోప్ ఈ రెండు కొలతలను ప్రక్కప్రక్కనే వ్రాసినాడు. మఱియొకడైనచో అంగుళములు మాత్రము వ్రాసి తుంటిని విడిచిపెట్టును. ఒక్కొక్క మనుష్యుని ఒడలికి ఒక్కొక్క విల్లు అను శాస్త్రము ఆ తుంటిలోనే యున్నది.

అమ్ము విషయమున ఆతని వచనము ఇంకను నిదానించును. సన్నని హేజెల్ కొమ్మలను సుమారు ముప్పదిరెండంగుళముల మేర కోసి, కట్టగట్టి, నీడపట్టున ఆఱబెట్టవలెను. (పోప్ విచ్‌హేజెల్ అని వ్రాసినాడు. ఆ పేరుగల చెట్టు తూర్పు అమెరికాది. కాలిఫోర్నియా కొండలలో సహజముగ పెరుగునది వేఱొక హేజెల్. వైద్యునికి వృక్షశాస్త్రము రాకుండుట వింత కాదు, కాని పాఠకుడు ఆ చెట్టును వెదకికొనుచు పోరాదు.) ఆఱిన వానిలో మేలైనవి ఏఱి, నిప్పులమీద వెచ్చజేసి, వంకరయున్నచోట కాలి బొటనవ్రేలికి అదిమి సరిచేయుదురు. పిమ్మట రెండు ఇసుకరాళ్ల నడుమ నునుపు పట్టింతురు. కోల కొనను తొలుచుటకు సూదివంటి పనిముట్టును కాలివ్రేళ్ల నడుమ నిలిపి, కోలను అరచేతుల నడుమ త్రిప్పవలెను. ఆ తొలిచిన కుహరమున బరువైన కఱ్ఱతో జేసిన ఆఱంగుళముల ముందుకోల నిమిడ్చి నరముతో చుట్టుదురు. ఈకను నిలువున చీల్చి మూడు గరులు కట్టుదురు. కట్టు నరమును నోట నమిలి మెత్తబఱుపవలెను; ఆఱినపు డది తనంత బిగియును. అలుగు నల్లని అగ్నిశిలది. ప్రదర్శనశాల చేరినపిదప సీసాగాజు ఇషీకి మిక్కిలి నచ్చెను; సందర్శకులు చూచుచుండగా గాజుతో అలుగులు ఒత్తి చెక్కి పంచిపెట్టెడివాడు.

ఈ భాగమును మేము తెనుగున చెప్పుకొన జూచితిమి. ఒక్క ముందుకోలకు తప్ప తక్కిన భాగములకు మాటలు వెదకికొన నక్కఱ లేకపోయెను. పింజ యొక్కటి తికమక పెట్టినది: నిఘంటువు ఆ మాటకు ఈక కట్టు చోటనియు, అల్లెత్రాటికి ఆను గంటు అనియు రెండర్థము లిచ్చును. చేతివాడుకలో రెండును ఒక్క కొననే యుండుటచే వేఱుచేయ నవసరము కలుగలేదేమో. ఇచట మేము ఈకకు గరి యనియు, గంటునకు పింజ యనియు వాడితిమి.

శైలిని గూర్చి ఒక మాట. ఈ అధ్యాయములలో విశేషణములు బహు తక్కువ. క్రియలే వాక్యములను నడపును: కోసెను, కట్టెను, ఆఱబెట్టెను, అదిమెను. శిష్యుడు గురువు చేతులను చూచుచు వ్రాసిన వచనమిది. తన్ను తాను చూచుకొనుటకు ఆతనికి తెఱపి లేదు. ఇషీ అమ్ములను ఐదైదుగా చేయుననియు, ఒక జట్టును ఒక దశవఱకు తెచ్చి మఱియొక జట్టును మొదలిడుననియు గమనించినాడు. విల్లును ఎక్కుపెట్టి విడిచినచో అలసి చెమర్చుననియు, నిలువబెట్టక పరుండబెట్టవలెననియు, దానిని ఎవ్వరును దాటరాదనియు ఇషీ చెప్పిన నియమములను పరిహాసము చేయక ఎక్కించినాడు. వంగియే యుండు కఱ్ఱ బలము తగ్గునని నేటి విలుకాండ్రును ఎఱుగుదురు గదా. చెమట యను మాట కవిత్వమైన నగుగాక, నియమము శిల్పమే.

పిదప పోప్ తన సొంత అమ్ము చేయు విధము చెప్పును. బిర్చికఱ్ఱ గుండ్రని పుల్లలు, టర్కీకోడి ఈకలు, ఉక్కు అలుగు. మూడు గరులును పక్షి యొక్క ఒకే వైపు ఱెక్కవి కావలెనని హెచ్చరించును; లేనిచో ఈకల వాలు కలియక అమ్ము తిన్నగ తిరుగదు. ఇది మంచి పాఠము. విల్లు బలమునకు తగిన బిగువు కోలకు ఉండవలెనను విషయము మాత్రము ఆతని కాలమున అనుభవమే గాని వివరణ కాదు. అమ్ము విడిచిన క్షణమున కోల వంగి వింటినడుమను చుట్టి పోవునని 1930 దశకమున క్లారెన్స్ హిక్‌మన్ అతివేగ ఛాయాచిత్రములతో చూపినాడు. కోల బిగువు తప్పినచో గుఱి ఎంత మంచిదైనను తప్పును. నిప్పులపై వెచ్చజేసి చేతితో వంచి చూచెడి ఇషీ ఈ సంగతిని కంటితో కాక చేతితో ఎఱిగియుండె నని భావింతుము.

ఇచ్చటనే మా మొదటి యాక్షేపణ. విల్లు చేయు పాఠమునకు వచ్చుసరికి పోప్ ఇషీ మన్నీని విడిచి, ఇంగ్లీషువారి యూ కఱ్ఱ నిడువిల్లు వైపు తిరుగును. పలుదేశముల విండ్లను పరీక్షించి, 1923లోనే వేఱుగ ప్రకటించిన పరిశోధనలో ఆ నిడువిల్లునకే మేలిమి కట్టినాడు. దూరమునకు అది నిజమే. కాని ఇషీ దూరమునకు విల్లు చేయలేదు. ఆతడు వేటముందు చేపను, పొగాకును మానును. వేకువనే లేచి స్నానము చేసి సువాసనగల ఆకులు ఒడలికి రుద్దుకొనును. పొదమాటున కూర్చుండి కుందేటి కూనవలె కూసి మృగమును తన కడకు రప్పించును. చెంతకు వచ్చినదాని మీద విడుచు అమ్మునకు నలువదిరెండంగుళముల విల్లు చాలును. పొదలో నిడువిల్లు అడ్డమే గదా! పోప్ విల్లును విల్లుతో తూచినాడు. ఓపికను తూకమున వేయలేదు.

రెండవది వేట అధ్యాయములు. అందు కొండసింహములను, ఎలుగులను కుక్కలు తఱిమి చెట్టెక్కించును. విలుకాండ్రు క్రిందినుండి కొట్టుదురు. 1920లో ఎల్లోస్టోన్‌లో ప్రదర్శనశాల కొఱకు అనుమతితో గ్రిజ్లీలను చంపిన ఘట్టము ప్రసిద్ధమైనది. సాహసమునకు లోటు లేదు, అబద్ధమాడినాడనియు మేము అనము. తప్పిన అమ్ములను సైతము ఒప్పుకొన్నాడు. అయినను వచనము మాఱినది. శిల్పాధ్యాయములలో కనబడని విశేషణములు ఇచట గుంపులుగ దిగినవి. మన ప్రబంధములలో రాజు వేట కరుగునపుడు సమాసములు పొడుగగుట యెట్లో, ఇచటను అట్లే. మనకవి మఱియొకని వేటను వర్ణించుచు ఉబ్బించును. పోప్ తన వేటనే ఉబ్బించినాడు. 1925లో సింహముల వేటకై ఆఫ్రికా వెళ్లి వచ్చి, మఱుసటి యేడే ఆతడు మరణించెను.

ఇషీని పోప్ తక్కువచేసినాడా? ఈ ప్రశ్నకు తొందరపడి ఔనను విమర్శకులతో మేము ఏకీభవింపము. మనమే తెలివిగల పసిపిల్లలమనియు, వివేకము లేనివారమనియు ఇషీ తలచెననుట పోప్ స్వయముగ వ్రాసిన మాట. లోపము వేఱొకచోట నున్నది. గురువును స్వచ్ఛమైన ప్రాచీనునిగ, కలుపులేని యాహీగ నిలుపవలెనను మోజు పోప్‌కును, ఆతని పిదప చాలమందికిని ఉండెను. 1990 దశకమున పురావస్తు పరిశోధకుడు స్టీవెన్ షాక్లీ ఇషీ చెక్కిన అలుగులను యాహీ ప్రదేశపు పాత అలుగులతో సరిపోల్చి, అవి పొరుగున నుండిన వింటు, నోమ్‌లాకీ తెగల పద్ధతికి ఎక్కువ దగ్గఱయని నిరూపింప బూనెను. తఱుమబడిన తెగలు కలిసి బ్రదికియుండవచ్చును. తండ్రియో, మామయో పొరుగు తెగవాడై యుండవచ్చును. వందల పుటలు చెప్పని కుటుంబవృత్తాంతమును రెండంగుళముల రాతిముక్క సూచించినది. పోప్ అలుగు చేయు విధమునంతయు చెప్పి, ఎవరు నేర్పిరని మాత్రము అడిగినట్లు కనబడదు.

అయినను ఈ గ్రంథము మా బల్లమీదనే యుండును; శిల్పాధ్యాయములకు, వానితోపాటు ఇషీ కథ చెప్పు మొదటి అధ్యాయమునకు. ఆ యధ్యాయపు తుదను పోప్ గురువు అంత్యక్రియలను చెప్పినాడు. నిప్పు పుట్టించు పుల్లలు, గవ్వల సొమ్ము పది, సింధూరపుగింజల పిండి, ఎండిన లేడిమాంసము, పొగాకు, విల్లు, అమ్ములు ఆతనితో దహనమైనవట. గవ్వలను లెక్కించినవాడు అమ్ముల లెక్క వ్రాయలేదు. 1961లో థియొడోరా క్రోబర్ ప్రకటించిన ఇషీ చరిత్రలో ఆ లెక్క యున్నది: విల్లు ఒకటి, అమ్ములు ఐదు.