పొగడ్తకు పూచీ: బొమ్మలగుట్ట కందాలు

కరీంనగర్ నుంచి కొండగట్టు అంజన్న దగ్గరికి పోయే తొవ్వలో, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. దర్శనం తొందరలో అటు తల తిప్పేవాళ్లు తక్కువ. గుట్ట రాతి మీద జైన తీర్థంకరుల ప్రతిమలు, చక్రేశ్వరి శిల్పం, వాటితో పాటు క్రీ.శ. 945 ప్రాంతపు శాసనం ఒకటి. చెక్కించినవాడు జినవల్లభుడు, కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నాయి. తెలుగు వంతుకు వచ్చినవి మూడు కందాలు. మన భాషలో దొరికిన కందాల్లో ఇవే మొదటివని పండితులు లెక్కిస్తారు. నన్నయ భారతానికి ఇంచుమించు వందేళ్ల ముందరివి.

పాతవి కాబట్టి గొప్పవి అనే పద్ధతి నాకు నచ్చదు. నన్ను ఆపింది వీటిలోని వాదన. ఒకణ్ణి గొప్పవాడనడం ఎవరికైనా చేతనవును. ఆ మాట ఎందుకు చెల్లుతుందో చూపడం దగ్గరే పనితనం తెలుస్తుంది. మన ఆలంకారికులు దీన్ని సమర్థనం అన్నారు; అర్థాంతరన్యాసం, కావ్యలింగం దాని మీదే నిలిచిన అలంకారాలు.

మొదటి కందం చూడండి. జినాలయాలు ఎత్తించడం, పూజలు చేయడం, జైన మునులకు అన్నం పెట్టడం, ఇలా ముందు పనులు వస్తాయి. అవి అయ్యాకే జినధర్మపరుల్లో జినవల్లభుడికి సాటి ఎవరన్న ప్రశ్న. నాయకుడి పేరు నాలుగో పాదం దాకా రాదు. కందానికి నాలుగు పాదాల్లో 12, 20, 12, 20 చొప్పున 64 మాత్రలు. బేసి గణం జగణం కారాదు, ఆరోది జగణమో నలమో కావాలి, రెండో పాదమూ నాలుగో పాదమూ గురువుతో ముగియాలి, యతి కుదరాలి. పైగా నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ప్రాస. కవి పద్యాన్ని ‘జిన’ అని ఎత్తుకున్నాడు కాబట్టి ప్రాసాక్షరం ‘న’. చివరి పాదానికి ఛందస్సు అడిగిన అక్షరం జినవల్లభుడి పేరులోనే సిద్ధంగా ఉంది! ఆ చోట ఆ పేరు తప్ప ఇంకోటి ఇమడదేమో అనిపిస్తుంది.

రెండో కందం సూర్యుణ్ణి తెచ్చింది. సూర్యుడితో పోలిక అప్పటికే అరిగిపోయి ఉంటుంది.

మూడోది వేరు. ఇక్కడ ప్రాస ‘క్క’. ఒక్కొక్కరికి ఒక్కొక్క గుణమే ఉంటుంది, ఇతని గుణాలు లెక్కిస్తే లక్షకు మించుతాయి అని భావం. ఒక్కొక్క, లెక్కింప, మిక్కిలి: ఒకటి, లెక్క, మించడం. వాదన నడిచే మాటలే ప్రాసస్థానంలో పడ్డాయి. చదివేవాడు ప్రాసను పట్టుకుని పోతే చాలు, వాదం దానంతట అదే చేతికి వస్తుంది. లక్ష అనడం అతిశయోక్తే, కాదనను. అయినా చివరి పాదంలో ‘గుణ’ శబ్దం మీద శబ్దంగా మోగి ఆ అతిశయాన్ని మోసేస్తుంది. ఇది రాసినవాడికి కందం కొత్త కాదు. ఆ చేయి తిరగడానికి ముందు మనకు దక్కని పద్యాలెన్నో ఉండి ఉండాలి.

శాసనంలో మిగతా భాగం వంశం చెబుతుంది. వేంగినాటి వంగిపఱ్ఱు, శ్రీవత్స గోత్రం, జైనం పుచ్చుకున్న తండ్రి భీమపయ్య. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి పంపనికి ధర్మపురం అగ్రహారం ఇచ్చాడని కూడా ఉంది. పంపడు తన ‘విక్రమార్జున విజయం’లో చెప్పుకున్న దానానికి ఇలా రాతి సాక్ష్యం దొరికింది. జినవల్లభుడు త్రిభువనతిలక అనే బసది (జైనాలయం) కట్టించాడు, మదనవిలాస అనే తోట వేయించాడు, చెరువు తవ్వించాడు. చెరువుకు తన పేరు పెట్టుకోలేదు, అన్న బిరుదు పెట్టాడు: కవితాగుణార్ణవ. ఈ బసదీ, ఈ చెరువూ పక్కన లేకపోతే ఆ మూడు కందాలు భట్రాజు పొగడ్తల్లో కలిసిపోయేవి.