పిలిస్తే పలికే పేరు

ఈమధ్య మన హోసూరు చుట్టుపక్కల పుట్టిన మగపిల్లల పేర్లు వరసగా వింటే అందరూ ఒకే తల్లి బిడ్డలేమో అనిపిస్తుంది. రియాన్ష్, కియాన్ష్, అయాన్ష్, రిధాన్, క్రిధాన్. ఆ పిల్లల మీద నాకేమీ కోపం లేదు. వాళ్లు అడిగి పెట్టించుకున్న పేర్లు కావు గదా! నేను పరిశీలించాలనుకున్నది పేరు కట్టే పద్ధతిని. కథనూ పాటనూ విమర్శించినట్టే పేరునూ విమర్శించవచ్చు. అర్థమేమిటి, వినడానికి ఎట్లుంది, దాని పని అది చేస్తుందా లేదా అని అడగవచ్చు.

ముందు ఈ పేర్లు ఎట్లా తయారవుతాయో చూద్దాం. పంచాంగం ప్రకారం ఒక్కో నక్షత్రానికి నాలుగు పాదాలు, ఒక్కో పాదానికి ఒక అక్షరం. చిత్త నాలుగో పాదంలో పుడితే 'రీ', మృగశిర నాలుగో పాదంలో పుడితే 'కీ'. 'రీ'తో మనకు పాత పేర్లు చాలా తక్కువ. 'కీ'కి కిరణ్, కిశోర్ ఉన్నా అవి పాతబడిపోయాయంట. అందుకని తల అయ్యవారు ఇస్తారు, తోక ఫోనులో వెతుకుతారు. ఇప్పుడు అందరికీ దొరుకుతున్న తోక 'ఆన్ష్'.

ఇక అర్థం. అంశ అంటే భాగం. దేవ + అంశ = దేవాంశ, ఇది సవర్ణదీర్ఘ సంధి. కాబట్టి దేవాన్ష్ అనే పేరుకు ఒక లెక్క ఉంది. మరి రియాన్ష్‌లో 'రియ' ఏమిటి? పేర్ల జాబితాలో ఒకచోట సూర్యుని తొలి కిరణం అంటారు, ఇంకోచోట విష్ణువు అంశ అంటారు. సంధి విడదీసి చూస్తే సూర్యుడూ కనబడడు, విష్ణువూ కనబడడు. కియాన్ష్ సంగతి ఇంకా తమాషా. సంస్కృతంలో 'కియాన్' అనే మాట నిజంగానే ఉంది. దానికి అర్థం 'ఎంత?' అని. 'కియాన్ అంశః' అంటే 'ఎంత భాగం?' అన్నమాట. ఆస్తి పంపకాలు తెగని ఇంట్లో పెట్టుకోవలసిన పేరు!

అర్థం ఉన్న పేరును కూడా మనం ఉండనివ్వడం లేదు. ఋత్విక్కు అంటే యజ్ఞం చేయించేవాడు. దాన్ని ఇంగ్లీషులో 'టి' పక్కన 'హెచ్' పెట్టి రాస్తారు. మళ్లీ ఆ ఇంగ్లీషును చూసి తెలుగులో 'రిథ్విక్' అని రాస్తారు. 'ఋ' పోయింది, 'త' కాస్తా 'థ' అయింది. బారసాల నాడు తండ్రి ఉంగరంతో బియ్యంలో రాసేది కూడా ఈ ఇంగ్లీషు నుంచి తిరిగొచ్చిన పేరే.

మూడోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, పిలుపు. తెలుగు అజంత భాష, మాట చివర అచ్చు ఉంటుందని చదువుకున్నాం. అది పరీక్ష కోసం మాత్రమే కాదు. 'గోపాలా', 'రామయ్యా', 'సీనా' అని పొలం గట్టు మీద నిలబడి ఎంతసేపైనా సాగదీయవచ్చు. 'రియాన్ష్'ను ఎక్కడ సాగదీయాలి? మా వీధిలో ఒక అవ్వ మనవణ్ణి 'రియాంసూ' అని పిలుస్తుంది. కోడలు నవ్వుతుంది. నన్నడిగితే అవ్వదే తెలుగు. చివర 'ఉ' చేర్చి ఆ పేరును మన భాషలోకి తెచ్చింది ఆమే.

అట్లని పాత పేర్లన్నీ బంగారమని నేను అనను. పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈ బిడ్డనైనా దక్కించుకోవాలని పెంటయ్య, పుల్లయ్య అని పెట్టారు. దాని వెనక తల్లి భయం ఉంది, కాని బడిలో ఆ పేరుతో ఎగతాళి పడిన పిల్లవాడి బాధా ఉంది. కొన్ని పాత పేర్లు వింటూనే కులం ఏదో ఊహించేవాళ్లున్నారు. రియాన్ష్ అంటే ఎవరూ కులం పట్టలేరు. కొత్త పేర్లలోని ఈ మేలును నేను ఒప్పుకుంటాను.

అయితే కులం తెలియకపోవడం మంచిదే గాని, భాష కూడా తెలియకపోతే ఎట్లా? మన తమిళనాడులో పేరు ముందు ఇనీషియల్ ఉంటుంది, ఇంటిపేరు చాలామందికి రికార్డులోనే ఉండదు. తమిళంలో రాస్తే త, థ, ద, ధ నాలుగింటికీ ఒకటే అక్షరం. రిధాన్, రితాన్ ఒక్కటైపోతాయి. అంటే ఇంటి బయట మనం తెలుగువాళ్లమని చెప్పగలిగింది ఆ ఒక్క పేరే. దాన్ని కూడా ఏ భాషదీ కాని మాటతో నింపితే ఇంకేం మిగులుతుంది?

ఈ విషయంలో మన పక్కింటి తమిళుల దగ్గర నేర్చుకోవాలి. వాళ్లూ కొత్త పేర్లు సృష్టించారు. వేదాచలం అనే పండితుడు వేదానికి 'మఱై', అచలానికి 'మలై' అని మార్చుకొని మఱైమలై అడిగళ్ అయ్యారు. ఇప్పుడు నా తమిళ స్నేహితుల్లో కదిరవన్, ఇనియన్ ఉన్నారు. కదిరవన్ అంటే సూర్యుడు. ఆ అర్థం చెప్పడానికి వాళ్లమ్మకు ఫోను అక్కర్లేదు. కాబట్టి తప్పు కొత్తదనంలో లేదు. ఏ మట్టితో చేశామన్నదే ప్రశ్న.

నక్షత్రం అక్షరం తప్పదనేవాళ్లకు కూడా దారి ఉంది. నామకరణంలో నక్షత్రనామం వేరు, వ్యవహారనామం వేరు. 'రీ'ని పూజలో చెప్పించుకొని, పిలవడానికి నచ్చిన పేరు పెట్టుకోవచ్చు. పెద్దల పద్ధతి కూడా అదే.

తిక్కన, పోతన, వేమన, సూరన. ఈ 'న' మనదే. 'వెలుగు'కు ఆ 'న' చేర్చి చూడండి: వెలుగన. ఈ పేరు పెట్టుకున్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. అయినా అర్థం ఎవరూ అడగరు, కులం ఎవరూ పట్టలేరు. 'వెలుగనా!' అని పిలిస్తే ఊరి చివర ఆడుకుంటున్న పిల్లవాడికి కూడా వినబడుతుంది.