తరాల తెగింపు – బానిసత్వ క్రౌర్యం: 'ఏడు తరాలు' నవలా పరిశీలన

అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన 'రూట్స్' నవల, సహవాసి చేసిన సంక్షిప్తానువాదం ద్వారా 'ఏడు తరాలు'గా తెలుగు పాఠకులకు చేరింది. ఈ నవల ప్రస్తావన రాగానే ముందుగా స్ఫురించేవి సంకెళ్ళు, కొరడా దెబ్బలు, నరికిన పాదం. అవి నవలలోని వాస్తవాలే. అయితే బానిసత్వ క్రౌర్యం శరీరహింసతోనే ముగుస్తుందా అన్నది ఈ వ్యాసం లేవనెత్తే ప్రశ్న. మనిషిని అతని తరం నుంచి తెంచివేయడమే ఆ వ్యవస్థ చేసిన అత్యంత క్రూరమైన పని అని, నవల చారిత్రకతపై వచ్చిన వివాదాన్ని కూడా ఈ దృష్టితోనే తూచవలసి ఉంటుందని ఇక్కడ ప్రతిపాదించడం జరుగుతోంది.

శీర్షిక సూచించేది

పెళ్ళి సంబంధం కలుపుకొనేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలని తెలుగువారిలో ఒక మాట ఉంది. అందువల్ల ఈ శీర్షిక మనకు అవిచ్ఛిన్నమైన వంశక్రమాన్ని స్ఫురింపజేస్తుంది. కుంటా కింటే, కిజ్జీ, జార్జ్, టామ్, సింథియా, బెర్తా, అలెక్స్ – లెక్క సరిగ్గా ఏడే. కాని మూలంలోని శీర్షిక వేళ్ళను గుర్తుచేస్తుంది. పెరికివేయబడిన చెట్టుకు మాత్రమే తన వేళ్ళను వెతుక్కోవలసిన అగత్యం కలుగుతుంది. తెలుగు శీర్షిక కొనసాగింపును చెబితే, నవల తెగింపును చెబుతుంది. ఈ రెంటి మధ్య దూరాన్ని గమనిస్తేనే క్రౌర్యం స్వరూపం బోధపడుతుంది.

పేరు, చట్టం, అమ్మకం

గాంబియాలోని జుఫూరే గ్రామానికి చెందిన కుంటా, మద్దెల చేసుకోవడానికి కలప కోసం వెళ్ళి 1767లో పట్టుబడతాడు. నవల చెప్పే లెక్క ప్రకారం 140 మందితో బయలుదేరిన ఓడ 98 మందితో అనాపొలిస్ రేవుకు చేరింది. ఓడ సరుకుల పట్టికలో ఏనుగు దంతాల సరసనే మనుషులూ ఒక పద్దు. వర్జీనియాలో అతనికి 'టోబీ' అన్న పేరు పెడతారు. మాండింకా సంప్రదాయంలో శిశువు పేరును తండ్రి మొదట ఆ శిశువు చెవిలోనే చెబుతాడని నవల ప్రారంభంలోనే చూస్తాం. తన పేరు ముందుగా తానే వినడం స్వతంత్రుడికి దక్కే మొదటి హక్కు. ఆ ఘట్టం చదివిన పాఠకునికి 'టోబీ' అన్న పిలుపు కొరడా కంటే లోతుగా తగులుతుంది.

ఈ తెంచివేతకు చట్టం అండగా నిలిచింది. 1662లో వర్జీనియా చేసిన శాసనం ప్రకారం బిడ్డ స్థితి తల్లి స్థితిని అనుసరిస్తుంది. ఇంగ్లీషు సంప్రదాయంలో వంశం తండ్రిది. బానిస విషయంలో మాత్రం ఆ సూత్రాన్ని తలకిందులు చేశారు. దాని ప్రయోజనం కిజ్జీ కథలో స్పష్టమవుతుంది. టామ్ లీ అనే యజమాని బలాత్కారం వల్ల ఆమెకు పుట్టిన జార్జ్, కన్నతండ్రికే ఆస్తి అవుతాడు. ఈ విధంగా చట్టం అత్యాచారాన్ని యజమానికి సంపదగా మార్చింది.

కిజ్జీ అమ్మకం నవలకు ఆయువుపట్టు. ఎక్కడికీ కదలక ఉండిపోవాలన్న కోరికతో తండ్రి ఆమెకు ఆ పేరు పెట్టుకున్నాడు. యజమాని సోదరుడి కూతురు ఆటగా నేర్పిన అక్షరాలతో, పారిపోదలచిన నోవాకు ఆమె దొంగ అనుమతి పత్రం రాసి ఇస్తుంది. ఆ నేరానికి పదహారేళ్ళ పిల్లను అమ్మివేస్తారు. అమ్మినవాడు సౌమ్యుడిగా పేరుపడిన వైద్యుడు. యజమాని మంచితనం ఆ వ్యవస్థలో ఎంత నిరర్థకమో ఈ ఒక్క ఘట్టం తేల్చిచెబుతుంది. కూతురి పాదముద్రలోని మట్టిని కుంటా గుప్పిట పట్టుకుంటాడు. తన వయసు లెక్కకు గులకరాళ్ళు దాచుకున్న బుర్రను పగలగొడతాడు. ఆ తర్వాత కథనం కిజ్జీ వెంట వెళ్ళిపోతుంది. కుంటా గుడిసెలోకి మళ్ళీ తిరిగిరాదు. అతను ఎలా మరణించాడో కూతురికి తెలియనట్టే పాఠకునికీ తెలియదు. వియోగాన్ని వర్ణించకుండా, దాన్ని కథన నిర్మాణంలోనే అనుభవింపజేయడం ఈ నవల సాధించిన శిల్ప విజయం.

చారిత్రకత ప్రశ్న

హేలీ తన రచనను వాస్తవ వంశచరిత్రగా ప్రకటించాడు. వంశావళి పరిశోధకులు ఆ వాదనలోని లోపాలను బయటపెట్టారు. హెరాల్డ్ కూర్లాండర్ నవల 'ది ఆఫ్రికన్' నుంచి భాగాలు తీసుకున్నాడన్న వ్యాజ్యం 1978లో రాజీతో ముగిసింది. ఈ దోషాలను అభిమానంతో కప్పిపుచ్చడం విమర్శ పని కాదు. అయితే మరొక వాస్తవాన్నీ పక్కనే పెట్టాలి. 1850, 1860 నాటి అమెరికా జనగణనల బానిసల పట్టికల్లో యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు వంటి వివరాలే నమోదయ్యాయి. బానిసల పేర్లు సాధారణంగా లేవు. అంటే పత్రాగారం కూడా ఆ క్రౌర్యంలో పాలుపంచుకుంది. ఆధారాలు చెరిపిన వ్యవస్థే ఆధారాలు చూపమని అడిగే పరిస్థితి ఇది. హేలీ చేసిన పొరపాటు ఊహించడం కాదు, ఊహను రుజువుగా ప్రకటించడం. నవలగా చదివినప్పుడు ఆ ఊహ న్యాయమైనదే. తరతరాలుగా నిలిచిన 'కో', 'కాంబీ బొలోంగో' వంటి కొన్ని శబ్దాలే ఆ కుటుంబానికి దక్కిన వారసత్వమని రచన చెబుతుంది.

ముగింపు

జోతిరావు ఫూలే 1873లో తన 'గులామ్‌గిరి'ని బానిసత్వ నిర్మూలనకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 'రూట్స్' వెలువడిన 1976లోనే మన దేశంలో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. వెట్టి, అమెరికా బానిసత్వం ఒకటి కావు. అక్కడ మనిషే వేలంలో అమ్ముడయ్యే సరుకు, ఇక్కడ కులమూ అప్పూ కలిసి శ్రమను కట్టిపడేశాయి. ఈ భేదాన్ని చెరిపేస్తే రెండు బాధలకూ అన్యాయం చేసినట్టే. కాని ఏడు తరాల పేర్లు చెప్పుకోగలగడం అందరికీ దక్కిన భాగ్యం కాదన్న ఎరుకను ఈ నవల తెలుగు పాఠకునికి కలిగిస్తుంది. ఎవరి తరాలు రాతకెక్కాయి, ఎవరివి ఎక్కలేదు అన్న ప్రశ్నను మన సాహిత్య చరిత్ర రచనకు కూడా వర్తింపజేసినప్పుడే ఈ పఠనం సార్థకమవుతుంది.